ఎవరు వండిన ప్రపంచం? అమీర్‌పేట, పంజాగుట్ట వంటిళ్ల చరిత్ర కొంత

సాయంత్రం ఆరు దాటినాక అమీర్‌పేట మైత్రీవనం దగ్గర బస్సు దిగి పంజాగుట్ట చౌరస్తా దిక్కు నడవండి. అరగంట నడకలో సగం భూగోళం తగుల్తది. సోయా సాసు పొగలు గక్కే 'చైనీస్' బండి, ఆవిరి గిన్నెల్లో మోమోలు, ఇనుప చువ్వకు గుచ్చి తిప్పే షావర్మా, నలుగురు కింద కూచొని ఒకే పళ్లెంలో తినే యెమెన్ మండీ, ఇటలీలో పుట్టి అమెరికా మీదుగా మన దాకా వచ్చిన పిజ్జా. సాఫ్ట్‌వేర్ కోర్సుల కోసం జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు కర్రీ పాయింట్‌లో కూర కట్టించుకొని, నెలకోసారి వీటిల్లో ఏదో ఒకటి 'ట్రై' చేస్తరు. విదేశాలు తిరిగొచ్చినోళ్లు అక్కడ తిన్నదాన్ని ఇంట్లో వండి నలుగురికి పెట్టడం ఇప్పుడొక సంస్కారంగా చెలామణి అవుతున్నది. తప్పు పట్టడానికి ఏముంది? కొత్త రుచి ఎవరికి చేదు?

అదే దారిలో సందుల్లోకి తిరిగితే ఇంకో రకం బోర్డులు కనపడతయ్. 'టు-లెట్. ఓన్లీ వెజిటేరియన్స్.' బోర్డు మీద రాయనోళ్లు నోటితో అడుగుతరు. మాలో ఇద్దరం చదువుకునే రోజుల్లో ఇక్కడ గది కోసం తిరిగినం. ఒక ఇంటామె మా ఊరు, జిల్లా, నాన్న పని అన్నీ అడిగి, ఇంకా తేలక, చివరికి వంట దగ్గరికి వచ్చింది. "ఆదివారం చికెన్ వండుకోండి బాబూ, మాకేం అభ్యంతరం లేదు. అది మాత్రం వద్దు" అన్నది. 'అది' అంటే ఏందో ఆమె చెప్పలేదు, మేం అడగలేదు. గది అవసరం మాది. ఆ తర్వాత కొన్నాళ్లకు అమెరికా నుంచి సెలవు మీద వచ్చిన ఆమె కొడుకు, అదే ఇంటి మెట్ల మీద నిలబడి, టెక్సాస్‌లో స్టేక్ ఎంత మెత్తగా కాలుస్తరో మాకు వర్ణించి చెప్పిండు. స్టేక్ అంటే ఏ మాంసమో ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. అక్కడ అది ప్రపంచ వంట. మా గిన్నెలో ఉంటే 'అది'.

దేశదేశాల వంటలను 'కనుక్కున్న' కథలన్నీ తిన్నోళ్ల వైపు నుంచే రాయబడ్డాయి. ఓడెక్కినోడు, విమానమెక్కినోడు, హోటల్లో బిల్లు కట్టినోడు కథకుడు. వండినోళ్ల వైపు నుంచి చూస్తే ఈ చరిత్ర ఎట్లుంటది? ఈ వ్యాసంలో మేం చేసే ప్రయత్నం ఇంతవరకే.

కథ అమీర్‌పేటకు కొద్ది మైళ్ల దూరంలో, సికింద్రాబాద్ కంటోన్మెంటులో మొదలవుతుంది. 1798లో నిజాం కంపెనీవాళ్లతో సైన్య సహకార సంధి చేసుకున్నడు. 1806లో సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ ఏర్పడింది. దండు మద్రాసు నుంచి వచ్చింది. దండు అంటే సిపాయిలు మాత్రమే కాదు. గుర్రాల వాళ్లు, చాకళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు, వంటవాళ్లు అందరూ వెంట వచ్చినవాళ్లే. దొర పళ్లెంలో గొడ్డుమాంసం ఉంటది, పందిమాంసం ఉంటది. మొదటిదాన్ని సవర్ణ హిందువు ముట్టడు, రెండోదాన్ని ముస్లిం ముట్టడు. మద్రాసు రాజధానిలో దొరల వంటిళ్లు ఎక్కువగా పరయ, మాల కులాల చేతుల్లోకి రావడానికి కారణం ఇదే. ఎవరో దయతలచి ఇచ్చిన అవకాశం కాదది. అంటు సిద్ధాంతం ప్రకారం మిగిలిపోయిన పని. ఊళ్లో బావి గట్టు ఎక్కనియ్యని చేతులే బంగళాలో సూపు గిన్నె, పుడింగు అచ్చు, కేకు పొయ్యి పట్టుకున్నయ్. దొర సముద్రం దాటి వచ్చిండు గానీ, ఆయన వంట మాత్రం ఈ చేతుల్లో పడే బతికింది.

1878లో మద్రాసులో ఒక పుస్తకం అచ్చయింది. 'కలినరీ జాటింగ్స్ ఫర్ మద్రాస్'. రాసింది కెన్నీ-హెర్బర్ట్ అనే సైనికాధికారి. కలంపేరు వైవెర్న్. ఫ్రెంచి పద్ధతి సాసులు, సూపులు, విందుల పట్టికలు, ఇక్కడి మార్కెట్లో దొరికే వాటితో వాటిని ఎట్లా తేవాలో అందులో వివరంగా ఉంటది. ఆంగ్లో-ఇండియన్ వంటల మీద రాసేవాళ్లు ఇప్పటికీ దాన్ని ఎంతో గౌరవంగా ప్రస్తావిస్తారు. అందులో వంటవాడికి ఒకటే పేరు: రామస్వామి. అది ఒక మనిషి పేరు కాదు, మద్రాసు వంటవాళ్లందరికీ కలిపి దొర పెట్టిన పేరు. రామస్వామి ఇట్లా తప్పు చేస్తడు, రామస్వామికి ఇట్లా నేర్పాలి. చదువు రాని మనిషి, ఫ్రెంచి పేర్లను చెవితో పట్టి, బొగ్గుల పొయ్యి మీద, ఆ వేడిలో, ఎన్నడూ తాను కూచొని తినని వంటకాన్ని సరిగ్గా కుదిర్చి పెట్టడమంటే ఎంత విద్య అది! ఆ విద్యకు యజమాని పేరు మీద పుస్తకం వచ్చింది. పేరే లేనోడికి ఊరేముంటది, వాడ ఏముంటది?

మిరియాల చారు కూడా ఈ వంటిళ్లలోనే మారిపోయింది. తమిళంలో 'మిళగు తణ్ణి', అంటే మిరియపు నీళ్లు, దొరల నోట 'ముల్లిగటానీ' సూపు అయి ఇంగ్లండు చేరింది. మాంసం, పిండి, కూరపొడి వేసి చిక్కగా చేసిన ఆ రూపాన్ని కనిపెట్టింది రాణులా, దొరసానులా? పొయ్యి దగ్గర నిలబడ్డోడే కదా.

పంజాగుట్ట నుంచి ఖైరతాబాద్ పోయే దారిలో గుట్ట మీద ఇర్రం మంజిల్ ఉంది. నవాబ్ ఫక్రుల్ ముల్క్ 1870 ప్రాంతంలో కట్టించుకున్న మహలు. నూట యాభైకి పైగా గదులు, ఫ్రెంచి రాజుల కాలపు తీరు కుర్చీలు, మేజాలు. 2019లో దాన్ని కూల్చి శాసనసభ కడతామని ప్రభుత్వం అంటే హైకోర్టు ఆ ఏడాది సెప్టెంబరులో ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. మంచిదే. వారసత్వ కట్టడాలు నిలవాలి. గదుల లెక్క దొరుకుతుంది, కుర్చీల వర్ణన దొరుకుతుంది. ఆ మేజాల మీదికి పళ్లేలు పంపిన వంటశాలలో పొయ్యి ఊదింది ఎవరో చెప్పే లెక్క మాకు ఎక్కడా దొరకలేదు. వారసత్వం అన్నప్పుడు పొయ్యి ఊదినోళ్లది ఏ ఖాతాలో రాయాలె?

ఇట్లాంటి వంటింటి వాకిట్లో నుంచే హైదరాబాద్ దళిత ఉద్యమం నడిచొచ్చింది. ఈ మాట అతిశయోక్తి అనిపించవచ్చు. మాదరి భాగ్యరెడ్డివర్మ (1888–1939) కుటుంబ భారం నెత్తిన పడ్డ వయసులో డాస్ శాంటోస్ అనే బారిస్టరు ఇంట్లో బట్లరుగా పనిచేసిండు. ఆ ఇంటికి వచ్చే పత్రికలు చదివిండు, బల్ల దగ్గర జరిగే చర్చలు విన్నడు. వడ్డించేటోడికి చెవులుండవని మాట్లాడేవాళ్లు అనుకుంటరు. ఆయనకున్నయ్. 1906లో జగన్మిత్ర మండలి, 1911లో మాన్య సంఘం. 1917లో బెజవాడలో జరిగిన సభకు అధ్యక్షత వహించి, మనం పంచములం కాదు, ఈ నేలకు ఆదివాసులం, ఆది ఆంధ్రులం అనే మాటను నిలబెట్టిండు. ప్రపంచ వంటలు వడ్డించిన చేయి ప్రపంచ వార్తలు కూడా పట్టుకొచ్చిందన్నమాట. ఆదిహిందూ ఉద్యమ చరిత్రను 1955లో రెండు సంపుటాలుగా రాసిన పి.ఆర్. వెంకటస్వామి లేకపోతే ఆ కాలపు సంగతులు చాలా మట్టుకు మనకు దక్కేవే కావు.

అయితే ఇక్కడొక చిక్కు ఉంది. దాన్ని దాటేసి పోవడం మాకు ఇష్టం లేదు. భాగ్యరెడ్డివర్మే జంతుబలులకు, మద్యానికి, విందుల దుబారాకు వ్యతిరేకంగా వాడవాడా తిరిగిండు. జీవరక్షా జ్ఞాన ప్రచారక మండలితో కలిసి పనిచేసిండు. ఆర్యసమాజం ఇచ్చిన 'వర్మ' పేరు వెంట శాకాహార నీతి కూడా కొంత వచ్చింది. ఈనాటి మన కుర్రవాళ్లకు ఇది లొంగుబాటు లాగా కనబడొచ్చు. మాకు అట్లా తేల్చెయ్యబుద్ధి కాదు. 1927లో మహద్ సభలో అంబేద్కర్ కూడా చచ్చిన గొడ్డు మాంసం తినడం మానెయ్యమన్నడు. చచ్చిన గొడ్డును ఈడ్చడం, దాన్ని కూలి కింద తీసుకోవడం వెట్టిలో భాగం. మానుకొమ్మన్నది రుచిని కాదు, వెట్టిని. 1948లో అచ్చయిన 'ది అన్‌టచబుల్స్'లో ఆయనే, ఒకప్పుడు బ్రాహ్మణులూ గోమాంసం తిన్నవాళ్లేనని, వాళ్లు మానేసి దాన్ని పవిత్రం చేసిన తర్వాత తినేవాళ్లను అంటరానివాళ్లను చేశారని వాదించిండు. ఈ రెండు మాటలను పక్కపక్కన పెట్టి చదవాలె. ఏం తినాలో ఎవరో నిర్ణయించి పళ్లెంలో పడెయ్యడం ఒకటి. మన పళ్లెం మనమే ఎంచుకోవడం వేరు.

బట్లర్ల కాలం 1947 తర్వాత పలచబడింది. తర్వాతి తరం ప్రపంచ వంటలు ఇంకో దారిలో వచ్చినయ్. 1973 తర్వాత చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో డబ్బు పొంగింది. కరీంనగర్, నిజామాబాద్ నుంచి మగవాళ్లు భవనాల పనికి పోయారు. కోనసీమ నుంచి, కడప జిల్లా నుంచి ఆడవాళ్లు కువైట్ ఇళ్లలో పనికి పోయారు. వాళ్లలో దళిత, ముస్లిం, వెనుకబడిన కులాల స్త్రీలే ఎక్కువ. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు అక్కడి నుంచి లక్షా డెబ్భై వేలకు పైగా భారతీయులను విమానాల్లో తెచ్చారు. ఆ విమానాల కథ సినిమా అయింది. దిగిన ఆడవాళ్లలో ఎంతమంది అక్కడ వంటిళ్లలో నిలబడి వచ్చినవాళ్లో సినిమాకు పట్టే సంగతి కాదు.

పంజాగుట్టలో ఒక అపార్ట్‌మెంటులో వంట చేసే ఒక అక్కతో మేం చాలాసార్లు మాట్లాడినం. కోనసీమ మనిషి, కువైట్‌లో ఏళ్లతరబడి ఉండి వచ్చింది. మజ్బూస్ ఎట్లా చెయ్యాలో చెప్పమంటే చేతులు తిప్పుకుంటూ చెప్పింది. "మాంసం ఉడికిన నీళ్లలోనే బియ్యం ఉడకాలండి. ఎండబెట్టిన నల్ల నిమ్మకాయ ఒకటి పొడిచి వెయ్యాలి. లూమీ అంటారు వాళ్లు. అదే దాని పులుపు. మన చింతపండు అక్కడ వాసనొస్తే మేడమ్‌కి పడదండి." రంజాన్‌లో హరీస్ వండేదట. గోధుమలు, మాంసం గంటల తరబడి కలిపి ఎనపడమే దాని పని. హైదరాబాద్ హలీమ్‌కు అక్కలాంటిది. 2010లో మన హలీమ్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చింది, మంచి సంగతే. ఎనిపిన రెక్కలకు ఏ గుర్తింపూ ఉండదు. "ఉపవాసం నెలలో ఇంట్లో ఉప్పు చూడకూడదండి. వాసనబట్టే ఉప్పు పట్టేదాన్ని. ముప్పై రోజులూ ఒక్కసారి తప్పలేదు" అన్నది. గొప్ప కోసం చెప్పలేదు. పని గురించి చెప్పినట్టే చెప్పింది.

పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉండేదట. పని గంటలకు లెక్క లేదు. కువైట్ 2015లో ఇంటిపని వాళ్ల కోసం 68వ నంబరు చట్టం చేసి, రోజుకు పన్నెండు గంటలకు మించకుండా పని, వారానికొక సెలవు అని రాసింది. అక్క ఆ చట్టానికి ముందే తిరిగొచ్చింది. ఇప్పుడు ఆమె వండే ఇంట్లో అతిథులొస్తే మండీ, హమ్మస్, ఖుబ్జ్ ఉంటయ్. దుబాయి పర్యటనలో రుచి చూసి ఇంట్లో ప్రయత్నించామని యజమానురాలు చెప్తుంటది, వచ్చినోళ్లు మెచ్చుకుంటరు. అబద్ధమని అనలేం. ఆమె రుచి చూసిన మాట నిజమే. అక్క టీ తాగే స్టీలు గ్లాసు మాత్రం వంటింటి కిటికీ గట్టు మీద విడిగా ఉంటది. ఊళ్లో హోటళ్ల రెండు గ్లాసుల పద్ధతి మీద మనం ఎన్ని వ్యాసాలు రాసినం! ఐదో అంతస్తు కిటికీ మీద అదే గ్లాసు ఉంది, లిఫ్ట్‌లో పైకి వచ్చింది అంతే.

ఇక మన సొంత గిన్నె సంగతి. మన తిండి 'లోకల్', వాళ్లది 'ఇంటర్నేషనల్' అనే లెక్క ఎంత తప్పో చూడండి. జొన్న పుట్టింది ఆఫ్రికాలో, సూడాన్ ప్రాంతంలో. సజ్జ కూడా పశ్చిమ ఆఫ్రికాదే. రాగి ఇథియోపియా ఎత్తు నేలలది. నాలుగు వేల ఏళ్ల కింద అటూఇటుగా సముద్రం మీదుగా ఇక్కడికి చేరినయ్. చింతచెట్టూ ఆఫ్రికాదే, గోంగూర జాతి మొక్కలవీ అక్కడి మూలాలే. మిరపకాయ, టమాటా, పల్లీ అమెరికా ఖండాలవి. మిరప పోర్చుగీసు ఓడల వెంట పదహారో శతాబ్దంలో వచ్చింది. అంటే మాదిగగూడెంలో, మాలపల్లెలో దాకలో గటక ఉడికించి, పచ్చిమిర్చి నూరి, చింతపులుసు కాసిన ప్రతి అవ్వా మూడు ఖండాలను ఒక్క పొయ్యి మీద కలిపింది. ఏ విమానమూ ఎక్కలేదు. దాన్ని ప్రపంచ వంట అని ఎవరూ అనలేదు, పేదతిండి అన్నరు.

ఇప్పుడు గాలి మారింది. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. అమీర్‌పేట ఫుట్‌పాత్‌ల మీద పొద్దుగూకంగానే కట్టెల పొయ్యి పెట్టి జొన్నరొట్టెలు కొట్టే ఆడవాళ్ల ముందు కార్లు ఆగుతున్నయ్. షుగరు పేషెంట్లు వరుసలో నిలబడుతున్నరు. వాళ్లకు నాలుగు డబ్బులు రావడం మాకు సంతోషమే. కాని జొన్న మీద ఇంత ప్రేమ పుట్టినప్పుడు ఒక పాత సంగతి గుర్తుచెయ్యాలె. 1960లో హైదరాబాద్‌లోని పోషకాహార పరిశోధకులు గోపాలన్, శ్రీకాంతియా దక్కన్‌లో జొన్న తినే పేదల్లో పెల్లాగ్రా జబ్బు ఎందుకొస్తున్నదో రాశారు. మెడ చుట్టూ, చేతుల మీద చర్మం నల్లబడి పొట్టు లేస్తది, విరేచనాలు, మతిభ్రమ. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ దీనికి కారణమని వాళ్ల వాదన. దాని మీద తర్వాత చాలా చర్చ నడిచింది. మొత్తం మీద తేలింది ఏందంటే, పప్పు, పాలు, మాంసం ఏదీ లేకుండా వట్టి జొన్న మీద బతికినోళ్లకు నియాసిన్ అనే విటమిన్ చాలదు. మాంసంలో అది పుష్కలంగా ఉంటది. గూడెంలో తాడు మీద ఎండిన తునకలు ఏం పని చేసినయో ఇప్పుడు ఆలోచించండి. పాలూ నెయ్యీ కొనలేని మనిషి ఒంటికి అంత తక్కువ ధరలో అంత సత్తువ ఇచ్చేది ఇంకేదీ లేదు. మేమొక్కళ్లమే అంటున్న మాట కాదిది. 1958లో ఖురేషీ కేసు తీర్పులో సుప్రీంకోర్టు గోవధ నిషేధాన్ని సమర్థిస్తూనే, పనికిరాని ఎద్దులు, బర్రెల మాంసం పేదల తిండి అని గుర్తించింది. 1977 నాటి మన రాష్ట్ర చట్టం కూడా ఆవును, దూడలను కొయ్యొద్దన్నది గానీ, పనికిరావని ధ్రువపత్రం ఉన్న ఎద్దును, బర్రెను కొయ్యడానికి వీలుంచింది.

చట్టంలో ఉన్న చోటు వీధిలో లేదు. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియా విశ్వవిద్యాలయంలో దళిత విద్యార్థులు, వాళ్లతో కలిసి వచ్చినవాళ్లు పెద్దకూర పండుగ చేస్తే రాళ్లు పడ్డయ్, భాష్పవాయువు పేలింది. 2015 డిసెంబరు 10న మళ్లీ చెయ్యాలనుకుంటే కోర్టు ఉత్తర్వులతో పోలీసులు ఆపేశారు. ఇదే నగరంలో కల్యాణి నవాబుల పేరు మీద పెద్దకూర బిర్యానీ తరాలుగా అమ్ముడవుతున్నది. 'కల్యాణి' అంటే తెలిసినోడికి తెలుస్తది, తెలియనోడు కదిలిపోతడు. పేరు మార్చుకుంటేనే వీధిలో చోటు.

మేం చూసిన తెలుగు వంట పుస్తకాల్లో కేకులున్నయ్, కట్లెట్లున్నయ్. తునకల కూర, బోటి, నల్ల కనపడలేదు. మన పక్కనే, ఒకప్పటి నిజాం రాజ్యంలో భాగమే అయిన మరఠ్వాడా నుంచి శాహూ పాటోళే 2015లో మరాఠీలో దళితుల వంటల మీద పూర్తి పుస్తకం రాసిండు. 2024లో అది ఇంగ్లీషులోకీ వచ్చింది. తెలుగులో ఆ పని చెయ్యాల్సినోళ్లు ఈ పత్రిక చదివేవాళ్లలోనే ఉన్నరని మా నమ్మకం. మీ అమ్మలను, నాయనమ్మలను కూచోబెట్టి అడగండి, కొలతలతో సహా రాసుకోండి. వాళ్లు పోయినాక అడగడానికి ఎవరుండరు.

మేం అక్కతోనే మొదలుపెట్టినం. కువైట్ వంటలన్నీ చెప్పినవు గదా, మీ ఇంటిది ఒకటి చెప్పక్కా అంటే ముందు నవ్వింది. "ఇవి కూడా రాస్తారా ఏంటండీ" అని అడిగి, తలుపు దిక్కు చూసి గొంతు తగ్గించింది. మాంసం పొడుగ్గా చీరి, ఉప్పూ పసుపూ పట్టించి, తాడు మీద నాలుగు ఎండలు. ఇక్కడ డాబా మీద ఆరేసే వీల్లేదు, కింది పోర్షన్ వాళ్లు అడుగుతరు. అందుకని ఊళ్లో చెల్లెలు ఎండబెట్టి, మూత బిగువైన సీసాలో పోసి, బస్సులో తెలిసినోళ్ల చేతికిచ్చి పంపిస్తది. వండే ముందు నిప్పుల మీద కాస్త కాల్చి, రాయితో నలగ్గొట్టి, వేడినీళ్లలో నానెయ్యాలి. ఉల్లిగడ్డ, వెల్లుల్లి, కారం, పైన గోంగూర గుప్పెడు. నీళ్లు ఎక్కువ పొయ్యొద్దన్నది. "కుక్కర్లో రెండు విజిల్స్ చాలండి. మూడో దానికి వాసన మెట్లు దిగిపోద్ది."